కాటప్ప పోసిన గొర్రెలు

కాటప్పకు జబ్బు నయమై ఎనిమిది నెలలయింది. ఆ మాట డాక్టరే చెప్పారు. ఇంటివాళ్ళెవరైనా వచ్చి సంతకం పెడితే పంపేస్తామన్నారు. ఆ ఇంటివాళ్ళు ఉండేది బలసముద్రంలో, ఈ ఆస్పత్రి ఉన్న పావగడకు బస్సెక్కితే గంట ప్రయాణం. ఒక్కరికీ తీరిక దొరకలేదు. పెళ్ళిళ్ళకు తిరగడానికి మాత్రం దొరుకుతుంది.

నేను ధనుశ్రీని. ఆస్పత్రిలో మానసిక రోగుల వార్డుకు వారానికి రెండు రోజులు వచ్చి మట్టిబొమ్మలు చేయడం, అచ్చు పోయడం నేర్పుతాను. చేతులు పనిలో పడితే మనసు కుదుటపడుతుంది. ఊళ్ళో బీళ్ళన్నీ సోలార్ పలకల కిందికి పోయాక కాటప్ప ఇంట్లో మందను అమ్మేశారు. అప్పటినుంచి ఆయన ఆ పలకల చుట్టూ వేసిన కంచె పట్టుకుని తిరుగుతూ, లేని గొర్రెలను పేరుపేరునా పిలిచేవాడట. అన్న తెచ్చి ఇక్కడ చేర్చాడు.

చాలా రోజులు ఊరికే కూర్చున్న మనిషి ఒకనాడు మట్టితో గొర్రెను చేశాడు. ఎంత బాగా చేశాడంటే నాకు ఆశ పుట్టింది. దానిమీద ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో పది గొర్రెలు పోయించాను. సంతోషిస్తాడనుకుంటే మొహం మాడ్చుకున్నాడు.

"ఏంది మేడం ఇది? అన్నీ ఒకటే మొగం. ఏది ఏదో ఎట్ల తెలుస్తాది?"

"బొమ్మలే కదప్పా."

"బొమ్మలైతే మాత్రం?"

వార్డులో కత్తి ఇవ్వరు. తడి ఆరకముందే చెంచా మొనతో గీకుతూ కూర్చున్నాడు. ఒకదాని మొహాన మచ్చ గీశాడు, ఒకదానికి చెవి కోశాడు, ఒకదాని కాలు కుంటి చేశాడు. బొల్లిది, కుంటిది, దొంగమేతది అని నాకు ఒక్కొక్కటే చూపించి నవ్వాడు. ఆయన నవ్వగా చూడడం నాకదే మొదలు.

ఆదివారాలు అందరికీ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. కాటప్ప తలంటుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కిటికీలో గొర్రెల పక్కన కూర్చుని సాయంత్రం దాకా గేటు వైపు చూసేవాడు. చూసి చూసి నాకే కడుపు మండింది. వాళ్ళన్న గోపాలప్పకు ఫోన్ చేసి గట్టిగా చీవాట్లు పెట్టాను. ఆ ఆదివారమే వచ్చాడు.

"పోదామా అన్నా?" అన్నాడు కాటప్ప. గుడ్డల సంచి అప్పటికే చంకలో ఉంది.

గోపాలప్ప తల వంచుకున్నాడు. "ఇంట్లో చోటు యాడుండాదిరా? కోడలు బయపడతాది. ఇంగ కొన్నాళ్ళు ఈడే ఉండు. బాగనే చూసుకుంటాండారు కదా."

కాటప్ప సంచిని మంచం మీద పెట్టాడు.

వెళ్ళబోతూ గోపాలప్ప కిటికీ దగ్గర ఆగాడు. ఒక గొర్రెను చేతిలోకి తీసుకున్నాడు. "మన బొల్లిదే కదరా ఇది! మనవడికి కొండబోతా."

కాటప్ప లేచి కుంటిదాన్ని కూడా తీసి అన్న చేతిలో పెట్టాడు.

"ఒక్కదాన్నే కొండబోవద్దన్నా. ఒంటిగా ఉంటే మేత ముట్టదు."

గోపాలప్ప రెండింటినీ తువ్వాలులో చుట్టుకుని బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ పూట కాటప్ప కంచం ముట్టలేదు.