తొమ్మిది దీవులు, నాలుగు కాగితాలు

“ఏమే, ఆ పడవ పదో దీవికి సేరిపోనాదంటావా?”

“సేరిపోతాది, మావ. నువ్వు తొంగో.”

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. తెల్లారేసరికి ఆయన లేడు. పరామర్శకు వచ్చినవాళ్ళు పోయేముందు ఏమన్నాడని అడిగితే, పడవ గురించి అడిగాడని చెప్పాను. సముద్రం మీద బతికిన మనిషి కదా, ప్రాణమంతా పడవ మీదే ఉందని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను సరిదిద్దలేదు. ఆ పడవ మాది కాదు, కళింగపట్నంలో ఎవరిదీ కాదు. అది కథలో పడవ. (నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నాకు రాయడం సరిగా రాదు, ఎందుకు రాదో చివర్లో చెబుతాను. అప్పుడే ఇది నవ్వుతోంది. నవ్వితే నవ్వావు గానీ, నేను చెప్పినది చెప్పినట్టు రాయవే.)

ఆ రోజుల్లో పిల్లకు సంబంధం చూస్తే, అబ్బాయికి వల వేయడం వచ్చా, పడవలో వాటా ఉందా, తాగుతాడా అని అడిగేవారు గానీ, మాట్లాడతాడా అని ఎవరూ అడిగేవారు కాదు. మాట్లాడని మగవాడు ఉంటాడని మా ఇంట్లో ఎవరికీ తోచి కూడా ఉండదు. మాది భావనపాడు వైపు పల్లె. మా ఇంట్లో మనుషులు నిద్రలో కూడా మాట్లాడేవాళ్ళు. అలాంటి ఇంటి నుంచి అరవై ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో కళింగపట్నం కోడలిగా వచ్చి పడ్డాను. పెళ్ళై మూడు నెలలు గడిచినా ఆయన నోటి నుంచి నేను విన్నవి “ఊ”, “ఆ”, “తింతాను”. ఊళ్ళో ఆయన్ని ‘గొళ్ళెం’ అనేవారు. వేసి ఉన్న తలుపు గొళ్ళెం అన్నమాట. చెడ్డవాడు కాదు. చేయి ఎత్తేవాడు కాదు. వలలో మంచి చేప పడితే అమ్మకుండా తెచ్చి నా ముందు పెట్టేవాడు. కానీ పెట్టి ఊరుకునేవాడు! ఇది నీకోసం అని ఒక్క ముక్క అంటే సొమ్మేం పోతుంది? నేను గోడతో మాట్లాడి, మేకతో మాట్లాడి, చివరికి ఎండుచేపలతో కూడా మాట్లాడడం మొదలుపెట్టాను. అప్పుడు నాకే భయం వేసింది. చేపల బుట్టలతో మా ఊరి వైపు వెళ్ళే ఆడవాళ్ళతో మా అయ్యకు కబురు పెట్టాను. “నా మొగుడు మూగోడు. ఆషాఢానికి తీసుకెళ్ళడానికి వత్తావు కదా, మళ్ళీ పంపకు” అని. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారింట ఉండకూడదు కాబట్టి, పుట్టింటికి వెళ్ళడానికి ఎవరూ కారణం అడగరు. తిరిగి రాకపోతేనే కదా అడుగుతారు!

ఇదంతా ఇలా ఉండగా ఆ కాగితాలు వచ్చాయి. ఎండుచేపలు పొట్లాలు కట్టడానికి మా అత్త కోటబొమ్మాళి సంతలో పాత కాగితాల కట్ట కొనుక్కొచ్చేది. ఒకరోజు ఇసుకలో చేపలు తిరగేస్తూ పొట్లానికి కాగితం తీశాను. దాని మీద బొమ్మ ఉంది. పడవలో ఒక పిల్ల, ఆమె కాళ్ళ దగ్గర మూత పెట్టిన కుండ. వెతికితే అదే కథవి నాలుగు కాగితాలు దొరికాయి. ఆయన పక్కనే వల బాగుచేస్తున్నాడు. అయిదో తరగతి దాకా చదివాడని పెళ్ళిచూపుల్లో చెప్పారు. “మావ, ఏటి రాసున్నాది?” అన్నాను, జవాబు వస్తుందన్న ఆశ లేకుండానే.

ఆయన కాగితం తీసుకుని, వల కుట్టే సూదిని అక్షరాల కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. చదివాడు! ఒక్కో పంక్తి చివరా ఆగి, ఊపిరి పీల్చుకుని, సూదిని కిందికి జరిపి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ గొంతు బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసే అవకాశం ఎక్కడిది?

కథ ఏమిటంటే, తొమ్మిది దీవుల లోకం ఒకటి ఉంది. దీవికీ దీవికీ మధ్య నీలి అనే పిల్ల పడవ నడుపుతుంది. రేవు దాటించినందుకు ఆమె ఒక మాట పుచ్చుకుంటుంది. ఇచ్చినవాడు ఆ మాట ఇక జన్మలో పలకలేడు. అది కుండలోకి పోతుంది. ఒకనాడు ఒక ముసలివాడు వస్తాడు. లోకమంతా తిరిగి తిరిగి మాటలన్నీ ఇచ్చేశాడు, ఒక్కటే మిగిలింది. అది అతని సొంత దీవి పేరు. అదే పదో దీవి. గంటల యుద్ధమని ఒకటి జరిగిందట, అదేమిటో కాగితాల్లో లేదు, దాని తరువాత ఆ దీవి పేరు ఎవరూ పలకరు. ఆ మాట ఇస్తే ఇల్లు చేరతాడు, కానీ ఇంటిని పిలుచుకోలేడు. నీలి ఆ మాట పుచ్చుకోకుండా అతన్ని పడవ ఎక్కిస్తుంది. కట్టుబాటు తప్పినందుకు రేవులను ఏలే దొర పంపిన నల్ల పడవ వాళ్ళ వెనక బయలుదేరుతుంది. నీలి పొగమంచులోకి తెడ్డు వేస్తుంది. అంతే, అక్కడితో అయిపోయింది. కింద చిన్న అక్షరాలతో ‘ఇది తొమ్మిది దీవుల కథల్లో ఒకటి’ అని ఉంది.

మేము తలెత్తేసరికి కాకులు సగం చేపలు ఎత్తుకుపోయాయి. మా అత్త కర్ర పట్టుకుని వచ్చింది. “ఒరే, సేపలు కాకులకి సంతర్పణ సేత్తన్నార్రా ఇద్దరూ? ఏటా కాయితం?” అంది. కొడుకు చదవడం చూసి కర్ర కింద పెట్టింది. కాసేపు నిలబడింది, తరువాత కూర్చుంది. చివరికి, “నాను రాక ముందు ఏటైనాది? మొదట్నించి సదువు” అంది.

నాలుగు రోజుల్లో మా ఇసుక మీద చేపల కంటే ఆడవాళ్ళు ఎక్కువయ్యారు. ఇక్కడే అందరం ఒక పొరపాటు చేశాం. కథ అంటే మాకు తెలిసింది ఒకటే రకం. అమ్మవారి కథ ఒక పూట వింటాం. దానికి ముందు పుట్టుక ఉంటుంది, తరువాత పెళ్ళి ఉంటుంది, అదంతా ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. ఎవరో ఒక మనిషి కూర్చుని తన బుర్రలోంచి ఒక లోకాన్ని తీస్తాడని మాకేం తెలుసు? తొమ్మిది దీవుల కథ లోకమంతటికీ తెలిసిన పురాణమని, మాకు మాత్రమే చేరలేదని అనుకున్నాం. “గంటల యుద్దం మా అమ్మమ్మకి తెలిసే ఉంటాదమ్మా. అడక్కుండానే పోనాది” అని పక్కింటి పిన్ని ముక్కు చీదింది. మా అత్తయితే బొమ్మలోని నీలికి పసుపు రాసి, కుంకం పెట్టి, కాగితాలు నాలుగూ అమ్మవారి పటం పక్కన పెట్టేసింది. కుంకం కింద రెండు పంక్తులు కనబడకుండా పోయాయి. (ఫరవాలేదు, అప్పటికి మా మేకకు కూడా కథ కంఠతా వచ్చు.)

అమావాస్య వచ్చింది. మర్నాటి నుంచి ఆషాఢం. అమావాస్య నాడు మా వాళ్ళు పడవలు దింపరు. సాయంత్రం జముకుల తాతను పిలిపించారు. జముకు అంటే చిన్న కుండలాంటి వాద్యం, తీగ లాగి మోగిస్తారు. అది మోగిస్తూ తాత అమ్మవార్ల కథలన్నీ పాడేవాడు. తెలియదు అనే మాట ఆయనకు తెలియదు.

“తాతా, నీలమ్మ కత సెప్పాల. ముందూ ఎనకా అంతా” అంది మా అత్త.

“నీలమ్మ కతా?” తాత ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. “ఓలమ్మా, అది ఆరు రాత్రుల కత! ఇయ్యాలకి ఒక పాయ సెప్తాను.” ముందే ఎవరో కథంతా ఆయన చెవిన వేశారు. దానికి తాత ఏనుగులు తగిలించాడు, రాక్షసుణ్ణి తగిలించాడు, నీలికి ఏడుగురు అన్నల్ని పుట్టించాడు. మేము ఊ కొడుతున్నాం. నా మూట కట్టి లోపల పెట్టే ఉంది. ఏ క్షణాన్నైనా మా అయ్య వస్తాడని వాకిలి చూస్తున్నాను. తాత ముసలివాడి దగ్గరికి వచ్చాడు. “అంతట నీలమ్మ ఏటి సేసినాదీ? ముసిలోడి ఆకరి మాట లాగి కుండలో యేసి...”

“కాదు!”

జముకు ఆగిపోయింది.

“ఎవుడ్రా అది?”

“నాను.”

“ఓరి నాయనో, గొళ్ళెం ఊడిందిరోయ్!” అని పిన్ని అరిచింది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. అంతమంది ముందు, పెద్దల ముందు, చెప్పుకుపోయాడు. “ఆ గుంట, నీలి, మాట తీసుకోలేదు తాతా. అందరి కాడా తీసుకున్నాది, ఈడి కాడ తీసుకోలేదు. ఒక్క మాటే ఉన్నోడికి ఆ మాట ఎంత బరువో దానికి తెలిసిపోనాది. అందుకే నల్ల పడవ ఎనకపడింది. మాట తీసేసుకుంటే ఇంకేటుంది? కతే లేదు.”

తాతకు కోపం వస్తుందనుకున్నాం. ఆయన మాత్రం జముకు సర్దుకుని, “ఐతే నువ్వే సెప్పరా. నాను వాయిస్తాను” అన్నాడు. మా ఆయన చెప్పాడు. పంక్తి చివర ఆగినప్పుడల్లా తాత తీగ లాగేవాడు. ఒక్క మాటే ఉన్నవాడంటే ఎవరో ఆ ఇసుక మీద అందరికంటే నాకే ముందు తెలిసింది.

కథ అయ్యేసరికి నా వెనక మా అయ్య నిలబడి ఉన్నాడు, చంకలో గొడుగుతో. “మొగుడు మూగోడని కబురెట్టినావు. ఈడేనేటి?”

“ఇయ్యాలే మాటొచ్చింది, అయ్య.”

“సరే, మూటెక్కడ? మనింటికి వచ్చి ఉండిపోతావా, లేదా?”

మాట్లాడే కుటుంబంలో పుట్టి, ఆ ఒక్కపూట నేనే గొళ్ళెం పెట్టుకున్నాను. మా అయ్య అడిగింది ఆయనా విన్నాడు. లోపలికి వెళ్ళి, అమ్మవారి పక్క నుంచి కాగితాలు తెచ్చి రెండు నా చేతిలో పెట్టాడు, రెండు తన దగ్గర ఉంచుకున్నాడు. “ముందు సగం నా కాడ, ఎనక సగం నీ కాడ. సావనంలో కలిపి సదూదాం” అన్నాడు. మా అత్త “ఓరి సచ్చినోడా, అమ్మోరిని పంచుతావా!” అని లబలబలాడింది. మా అయ్య నవ్వాడు. ఆషాఢం గనక వెళ్ళాను. తిరిగి రావడానికి వెళ్ళాను.

శ్రావణం తొలి రోజు పొద్దున్నే ఆయన మా పుట్టింటి వాకిట్లో దిగాడు. కాళ్ళకు నీళ్ళు ఇవ్వకముందే “మిగతాది ఏదీ?” అన్నాడు. “నీకు నోటికి వచ్చు కదా, మావ?” అంటే, “ఒక్కడినీ సెప్పుకుంటే పిచ్చోడంటారు” అన్నాడు.

అది పురాణం కాదని, ఎవరో కట్టిన కథని చాలా ఏళ్ళకు బడికెళ్ళే మా కూతురు చెప్పింది. మిగతా కథలు మాకు ఎక్కడా దొరకలేదు. “కట్టిందేనా? ఐతే మనవూ కట్టొచ్చు” అన్నాడు ఆయన. ఒక్కో దీవినీ మేమే కట్టుకుంటూ వచ్చాం. కాకులు లేని దీవి నాది. ఎవరూ ఏమీ అడగని దీవి ఆయనది, అక్కడికి నన్ను మాత్రం రానిచ్చేవాడు. పదో దీవిని ఇద్దరం ముట్టుకోలేదు. ఆ కాగితాలతోనే ఆయన నాకు అక్షరాలు నేర్పాడు. వాటిలో లేని అక్షరాలు నాకు ఇప్పటికీ రావు, కుంకం కింద పడినవి అసలే రావు. కాగితాలు తుఫానులో పోయాయి. మొగుడు మూగవాడని కబురు పంపిన ఆ పిల్ల ఇప్పుడు కనబడితే ఏమీ చెప్పను. పొట్లం కట్టే ముందు కాగితం తిప్పి చూసుకోమంటాను, అంతే.

ఆ ఆఖరి రాత్రి ఆయన అడిగినప్పటి నుంచి పదో దీవి గురించి ఆలోచిస్తున్నాను. అక్కడ రేవులో ఒక మనిషి నా కోసం నిలబడి ఉంటాడు. నేను పడవ దిగగానే, నేను అడగకుండానే, మొదటి మాట అతనే అంటాడు. దీన్ని కూడా రాసెయ్.

అయిపోనాదే. ఏదీ, రాసిందంతా ఒకసారి సదువు. మొదట్నించి. గబగబా వద్దు, మీ తాతలాగ సదువు. లైను సివర ఆగి, ఊపిరి పీల్చుకుని.