మా అన్న బరాత్‌కు పటాకుల పర్మిషన్

ఈసారి దీపావళికి ముందు వనపర్తిలో మా కాలనీవాళ్ల ఫోన్లకు ఒక కబురు వచ్చింది: పటాకులు చెప్పిన వేళల్లోనే కాల్చాలనీ, పెళ్లిళ్లకు కాల్చేవాళ్లు ముందుగా పోలీసు ఠాణాలో పర్మిషన్ తీసుకోవాలనీ. మన ఇంటి ముందు కాల్చుకోవడానికీ ఇన్ని షరతులా అని పక్కింటివాళ్లు విసుక్కుంటుంటే నాకు నవ్వొచ్చింది. మా సొంతూరు పాన్‌గల్‌లో ఒకప్పుడు మా అమ్మ పెట్టిన షరతు వాళ్లకు తెలియదు కదా.

అప్పటికి నేనింకా బడికి పోతున్నాను. మెట్టచేలను నమ్ముకున్న మా ఇంట్లో పెద్దన్నదే తొలి పెళ్లి కావడంతో, నాన్న గద్వాల దాకా వెళ్లి గోనెసంచి నిండా పటాకులు, చిచ్చుబుడ్లు, తారాజువ్వలు తెచ్చాడు. కొత్త జంట బరాత్ వీధిలోకి రాగానే ఇంటి ముందే కాల్చాలని ఆయన ముచ్చట. ఠాణాలో పర్మిషన్ కూడా తీసుకుని, ఇక అడ్డేమీ లేదని మీసం దువ్వుకుంటూ వచ్చాడు. అమ్మ మాత్రం ఎదురింటి అవ్వను అడగనిదే ఒక్కటీ వెలిగించవద్దంది.

ఆ అవ్వది కూలి చేసుకునే కుటుంబం. కొడుకూ కోడలూ పనికోసం బొంబాయి పోతే, పురిటికి వచ్చిన కూతురితో, పసిగుడ్డుతో ఆమె గడ్డి కప్పు కింద ఉండేది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అడిగింది. అవ్వ మాకు మంచినీళ్లిచ్చి, పెళ్లి సంగతులన్నీ విని, మెల్లగా చెప్పింది.

“వద్దమ్మా. ఎండలకు కప్పు ఎండిపోయుంది. నిప్పురవ్వ పడితే బాలింతను, పసిదాన్ని పట్కొని నేనేడికి ఉరకాలె?”

సర్కారు సరేనన్నదాన్ని ముసలామె కాదంటే ఎట్లా అని నాన్న మండిపడ్డాడు. గొంతు పెంచే అలవాటు లేని అమ్మ, పిండి పిసుకుతూనే జవాబిచ్చింది.

“ఠాణాల సరేనన్నరు గని, అంటుకుంటె కాలేది ఆమె ఇల్లు. ఆమె ఒప్పుకోనిది నేను కాల్చనియ్య.”

చివరికి నాన్నే తగ్గి, ఊరి బయట దుక్కి దున్నిన మా చేలో కాలుద్దామన్నాడు.

బరాత్ నాడు పొద్దుగూకే వేళ వీధి వీధంతా అక్కడికే నడిచింది. అవ్వ కూడా కూతురికి చెప్పి వచ్చి గట్టు మీద కూర్చుంది. చిచ్చుబుడ్లు బాగానే వెలిగాయి కానీ, ఒక తారాజువ్వ పైకి పోకుండా పక్కకు ఒరిగి, చేను మూలనున్న మా జొన్నచొప్ప కుప్పలో దూరింది. బావి నుంచి నీళ్లు మోసుకొచ్చేలోగా కుప్ప చాలావరకు బూడిదైంది, మనుషులకు మాత్రం ఏమీ కాలేదు. నాన్న ఆ మంటనూ, దూరంగా కనిపించే మా వీధి కప్పులనూ మార్చి మార్చి చూసి, అవ్వ దగ్గరికి నడిచాడు.

“నువ్వు వద్దన్నదే మంచిగైంది అవ్వా.”

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, చొప్ప సంగతి తర్వాత, ముందు కొత్త కోడలికి దిష్టి తీయించమని మందలించింది.

ఆ తర్వాత మా వీధిలో ఎవరు పటాకులు కాల్చాలన్నా ముందు ఇంటింటికీ వెళ్లి అడిగేవారు. ఆ సాకుతో ఎవరింట్లో రోగమున్నదో, ఎవరి గేదె ఈననున్నదో అందరికీ తెలిసేది.

ఇప్పటి షరతులు మంచివే, ఎవరు విసుక్కున్నా నేను ఆ మాటే గట్టిగా చెబుతాను. అయితే అన్నీ స్లాబు ఇళ్లే అయ్యాక, ఒకరిని ఒకరు అడగవలసిన పని లేకుండా పోయింది. మా పై అంతస్తులో పసిపాప ఉందని మొన్న ఆరేసిన పొత్తిగుడ్డలు చూశాకే తెలిసింది. రోజూ ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నా, ఆ తల్లి పేరు నాకింకా తెలియదు.