నాయన పోసిన ఇంజనాయిల్

మా నాయన ముప్పై ఏళ్లు లారీ తోలాడు. నేను ఆళ్లగడ్డలో సైన్సు టీచర్ని. ఆ మధ్య నేను కొత్త కారు కొన్నాక, ఇంజనాయిల్ తానే మారుస్తానని నాయన పట్టుబట్టాడు. నేను బడికి పోయిన రోజు ఉన్నదంతా దించేసి, లారీల్లో వాడే చిక్కటి ఆయిల్ పోశాడు. కారుకు చెప్పిన పల్చటి ఆయిల్ నీళ్లలాగా ఉంటుందని, దాంతో ఇంజన్ అరిగిపోతుందని ఆయన నమ్మకం.

ఆ మరుసటి రోజు నుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ టకటకమని కొట్టుకునేది. సంగతి తెలిశాక నాకు కోపం ఆగలేదు. నంద్యాలలో మెకానిక్ దగ్గరికి పోతూ దారంతా అంటూనే ఉన్నాను.

"అంత బరువు ఆయిల్ పోస్తే ఇంజన్లో పైకి ఎట్ల ఎక్కుతాది నాయనా? నన్నొక మాట అడగొద్దా?"

ఆయన కిటికీలోంచి శనగ చేలు చూస్తూ కూర్చున్నాడు.

మెకానిక్ నడివయసు మనిషి. చప్పుడు విని, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగి, అంటుకున్న చుక్కను వేళ్ల మధ్య రుద్దాడు.

"చిక్కనిది పోసినారు. పొద్దున చల్లగున్నప్పుడు పైకి చేరేకి లేటయితాది."

"నేనూ అదే చెప్తాండా. బరువెక్కువ కదా," అన్నాను.

"బరువు కాదు సార్."

చిక్కటిదొకటి, పల్చటిదొకటి లీటరు డబ్బాలు తీసుకుని పక్కంగట్లో కాటా మీద పెట్టాడు. రెండింటికీ ఏమంత తేడా లేదు. రెండూ కిలోకు తక్కువే తూగాయి. తర్వాత ఒక రేకును ఏటవాలుగా పట్టుకుని రెండూ కాసింత కాసింత పోశాడు. పల్చటిది జర్రున కిందికి జారింది. చిక్కటిది ఇంకా సగంలోనే ఉంది.

ఎనిమిదో తరగతికి సాంద్రత పాఠం చెప్పేది నేనే, బరువునూ చిక్కదనాన్నీ ఒకటనుకున్నదీ నేనే. నా చెవులు వేడెక్కాయి. నాయన మాత్రం నావైపు చూడలేదు.

"మా లారీలకు చిక్కందే బాగుండె కదప్పా?" అని మెకానిక్‌ను అడిగాడు.

"ఆ ఇంజన్లకు అదే సరి పెద్దాయనా. దీంట్లో లోపల సందులు చానా సన్నం. పల్చందే దూరేది."

ఆయిల్ మార్చాక చప్పుడు పోయింది. తిరిగి వస్తూ శిరివెళ్ల దగ్గర టీకి ఆపాను.

"నాకూ సరిగ్గా తెలీకనే నీ మీద అరిచినా నాయనా," అన్నాను.

"అరిస్తే అరిచినావులే. ఇంజన్ పాడైందేమోనని నాకు రెండు దినాల నుంచి అన్నం లోపలికి పోలేదు," అన్నాడు.

టీ గ్లాసు కింద పెట్టి, మిగతా దారి తాను తోలతానన్నాడు. తాళం ఇచ్చాను. గేర్లు ఎంత మెత్తగా వేశాడో, ఆళ్లగడ్డ చేరేలోపే నాకు నిద్ర పట్టేసింది.