కుడి అని అరిచిన పూట

ఇంట్లో కూర్చునే దూరదేశాల వాళ్లతో మాట్లాడే హ్యామ్ రేడియో పిచ్చి నాకు పాతదే. సత్యనారాయణపేటలో మా మిద్దె మీద ముప్పై అడుగుల టవరు నిలబెట్టించడం మాత్రం కొత్త. దాని కొసన యాంటెనా, యాంటెనాను తిప్పడానికి కింద ఒక మోటారు. గదిలో పెట్టె మీది ముల్లు ఉత్తరం చూపిస్తే పైన యాంటెనా కూడా ఉత్తరమే చూడాలి. మాది పడమరన సండూరు కొండల వైపు చూస్తూ కూర్చుంది.

సరిచేయడానికి ధారవాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన టవరెక్కాడు. మొబైల్ టవర్లెక్కడం ఆయన పని. తెలుగు ఒక్క ముక్క రాదు. నాకు కన్నడం బాగానే వచ్చు, ఆఫీసులో ముప్పై ఏళ్లు మాట్లాడింది అదే. కానీ కోపమొస్తే నా నోట్లోంచి తెలుగే ఊడిపడుతుంది. కోపం రావడానికి నాకు పెద్ద కారణమూ అక్కర్లేదు.

ఆయన పైన బోల్టులు వదులు చేసి, యాంటెనా గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పుతున్నాడు. నేను మిద్దె మీద నుంచి "బలక్కె, ఇన్నూ బలక్కె" అని కన్నడంలో కుడివైపుకు తిప్పమంటున్నాను. ఆయన ఎడమకు తిప్పుతున్నాడు. నాకు ఎదురుగా ఉన్నాడు కదా, ఆయన కుడి నాకు ఎడమ. అంత ఆలోచించే ఓపిక నాకెక్కడిది?

"కుడి! కుడి!" అని గొంతు చించుకున్నాను.

కన్నడంలో కుడి అంటే తాగు.

ఎండకు జాలిపడి నీళ్లు తాగమంటున్నాననుకున్నాడు పాపం. ఒక చెయ్యి వదిలి నడుముకున్న సీసా అందుకోబోయాడు. అప్పుడే గాలి కొట్టింది. వదులుగా ఉన్న యాంటెనా గిర్రున తిరిగి, దాని కేబులు ఆయన భుజాన్ని ఈడ్చింది. కాళ్లు పట్టు తప్పాయి. బెల్టు మీద వేలాడుతున్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

నా అరుపులకు మా ఆవిడ పైకి పరుగెత్తుకొచ్చింది.

"ఏంది ఆ కేకలు? ఆయప్పకు తెలుగు యాడొస్తాది? రవంతసేపు నోరు మూసుకోని ఉండు!"

మూసుకున్నాను. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె మాట అంత త్వరగా విన్నది అదే మొదలు. ఆయన మెల్లగా కమ్మీ మీద కాలు మోపాడు. కేబులు విడిపించుకున్నాడు. ఏమీ జరగనట్టు మళ్లీ గొట్టం పట్టుకోబోయాడు.

"అది యాడన్నా చూసుకోనీలే, నువ్వు దిగప్పా!" అన్నాను. మళ్లీ తెలుగే. మా ఆవిడ "బిగి మాడి ఇళీరి" అని, బిగించి దిగమని, కన్నడంలో చెప్పింది.

దిగాడు. భుజం మీద ఎర్రటి చార తప్ప ఏమీ కాలేదు. ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. అంతలో ఆయన ఫోను మోగింది. భార్య. పనిలో ఉన్నంతసేపూ గంటకొకసారి చేస్తుందట, పైన ఉన్నావా కింద ఉన్నావా అని అడగడానికే.

"కెళగ అదీని" అన్నాడాయన. కింద ఉన్నాను అని.

ఆ పూట ఆ మాట ఆమెకంటే నాకే ఎక్కువ అవసరమైంది. మిద్దె మీదే చతికిలబడి, మా ఆవిడ చూస్తుండగానే ఏడ్చేశాను.