నేను దిద్దిన నిషాదం

ఎమ్మెస్ చదివే రోజుల్లో షాంటిలీలో ఒక యూదు పెద్దావిడ ఇంట్లో బేస్‌మెంట్ గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీ అని పిలిస్తే మొదట్లో వింతగా చూసేది, తర్వాత అలవాటు పడింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ఆవిడకి ఆరేళ్లప్పుడు, ఒక రైతు ఆవిడనీ వాళ్ల నాన్ననీ పశువుల కొట్టం అటక మీద దాచాడట. చప్పుడైతే ప్రాణాలు పోతాయి. అందుకని నాన్న నోరు తెరవకుండానే, ఆవిడ చెవి దగ్గర మాటల్లేని ఒక ప్రార్థన రాగం తీసేవాడు. ఒక రోజు తిండి కోసం కిందికి దిగినవాడు తిరిగి రాలేదు. ఆ తర్వాత యాభై ఏళ్లు ఆవిడ పాట అన్నదే పాడలేదు. భర్త పోయాక మాత్రం ప్రార్థన మందిరంలో అందరిచేతా పాడించడం మొదలుపెట్టింది. అన్నీ పాడేది, నాన్న రాగం తప్ప. అది ఇంట్లో నాకొక్కదానికే వినిపించింది.

నాకు చిన్నప్పుడు ఎనిమిదేళ్లు సంగీతం చెప్పించారు. అదే తలకెక్కింది. వినగానే మాయామాళవగౌళ అని తేల్చేశాను. సరళీ స్వరాలు నేర్చిన ఎవరికైనా ముందు తెలిసే రాగం అదే కదా. ఆవిడ మాత్రం ఏడో స్వరం, నిషాదం, కాస్త కిందికి పలికేది. వయసు మీద పడి గొంతు జారుతోందనుకుని, నోట్‌బుక్‌లో స్వరాలు రాసుకునేటప్పుడు దాన్ని పైకి సరిచేశాను. ఆ సంగతి ఆవిడకి చెప్పాలని కూడా తోచలేదు.

ఆ చలికాలం ఆవిడకి స్ట్రోక్ వచ్చింది. మాట తిరిగొచ్చింది కానీ ఆ రాగం రాలేదు. మొదటి ముక్క దగ్గరే ఆగిపోయి ఏడ్చేది. నా దగ్గర రాసి ఉందని గర్వంగా చెప్పాను. రోజూ సాయంత్రం వంటింట్లో కూర్చోబెట్టి, ముక్క ముక్కగా పాడించి మళ్లీ నేర్పాను.

నాన్న ఏ రోజున పోయాడో తెలియదు కాబట్టి ఆవిడే ఒక తేదీ అనుకుని ఏటా దీపం వెలిగించేది. ఆ ఏడు ఆ రోజున మందిరంలో ఆ రాగం పాడతానంది, నన్నూ రమ్మంది. ఆవిడ కంటే ముందు వేరేవాళ్లు పాడారు. ఆవిడ రాగం పోలికే ఉన్న పాటలు, ఒకదాని తర్వాత ఒకటి. అన్నిటిలోనూ నిషాదం కిందికే ఉంది. వాళ్ల సంగీతంలో ఆ స్వరం చోటే అది. అప్పటికే ఆవిడ లేచి పాడుతోంది, నేను దిద్దిన స్వరంతో, ఎక్కడా తడబడకుండా.

కార్‌లో కూర్చున్నాక నా చెయ్యి పట్టుకుంది.

"నాన్న ఇలాగే పాడేవాడు కదా? నువ్వే చెప్పాలి, నాకింక గుర్తులేదు."

"ఇలాగే, ఆంటీ" అన్నాను.

తర్వాత బతికిన మూడేళ్లూ ఆవిడ అలాగే పాడింది. మందిరంలో పిల్లలకి కూడా నేర్పింది, మా నాన్న పాట అని చెప్పి.