గుండె మాట విన్న డాక్టరమ్మ

మా రామన్నపేట డాక్టరమ్మ మొన్న ఆదివారం పొద్దున కన్నుమూశారు. కబురు వినగానే అమ్మ చేతిలోని చాట పక్కన పెట్టి, "నన్ను తీస్కపో బిడ్డా, ఆమెను ఒక్కసారి చూడాలె" అంది.

నాలుగేళ్ల కిందట అమ్మకు ఎడమ భుజం లాగి, ఒళ్లంతా చెమటలు పడితే ఆటోలో ఆమె దగ్గరికే తీసుకెళ్లాను. ఈసీజీ తీయడానికి ఆమె వైర్లు అందుకోగానే అమ్మ లేచి కూర్చుంది.

"నాకు కరెంటు పెట్టకుండ్రి. గిట్లనే సస్త గని."

నేను గద్దించబోతే డాక్టరమ్మ వద్దన్నట్టు చెయ్యి చూపారు. "అక్కా, ఇది కరెంటు ఇయ్యదు. నీ గుండెలనే జరంత కరెంటున్నది. గది ఎట్ల పోతాందో చూస్తది, గంతే."

అమ్మ నమ్మలేదు. అప్పుడామె చెప్పులు విడిచి పక్క మంచం మీద పడుకుని, నర్సు చేత ఆ వైర్లు తన చేతులకూ కాళ్లకూ పెట్టించుకున్నారు. "సూడు, నాకేమన్న అయిందా?" అని నవ్వుతూ లేచారు.

వైర్ల చివర ఉండే లోహపు బిళ్లలు చల్లగా తగలకుండా అరచేతుల్లో రుద్ది పెట్టడం ఆమె అలవాటు. అమ్మకూ అలాగే పెట్టారు. గీతల కాగితం చూడగానే ఆమె నవ్వు ఆగింది. వెంటనే మాత్రలు నమిలించి, కాగితాన్ని ఫోటో తీసి నల్గొండలోని గుండె డాక్టరుకు పంపి, అంబులెన్సులో తానూ ఎక్కారు. అమ్మ బతికింది.

తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, అమ్మ అడిగితే ఆ మిషన్ పుట్టుక చెప్పారు.

"మొదట్ల రెండు రూములు నిండేంత ఉండె అక్కా. ఏడనో ఐరోపాల. రెండు చేతులు, ఒక కాలు ఉప్పునీళ్లల్ల పెట్టి కూసోవాలె. గుండె కరెంటుకు వెంట్రుక కన్న సన్నటి తీగ ఊగేది. దాని నీడను ఫోటో తీసేటోళ్లు."

"అయ్యో, గా నీళ్లల్ల కాలు పెట్టినోళ్లు ఎంత భయపడ్డరో!"

"భయపడే ఉంటరు. అయినా కూసున్నరు. గందుకే నువ్వియ్యాల నా ముందు కూసున్నవ్."

తన నర్సులకు ఆమె ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: "భయపడ్డోళ్లను కసురుకోవద్దు. చేసి చూపియ్యాలె."

అంత్యక్రియల రోజు ఎండ మండిపోయింది. సమాధుల తోట ఊరి బయట ఉంది. ఆటో పిలుస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. చర్చి పాట పాడుతున్న ఆడవాళ్ల వెంట, కొంగు తల మీద కప్పుకుని నడిచింది. చెప్పులో రాయి పడి నేను ఆగాను. తలెత్తి చూసేసరికి అమ్మ చాలా ముందుకు వెళ్లిపోయింది, ఎక్కడా ఆగకుండా.