మొదటి స్థానంలో నీలం కారు

సంఘ సభ్యుడెవరైనా మరణించినప్పుడు పాటించవలసిన పద్ధతి ఒకటుంది. వార్త ముందుగా కార్యదర్శికి చేరాలి. కార్యదర్శి దానిని ధ్రువపరచుకోవాలి. ధ్రువపడిన వార్తను తగిన గాంభీర్యంతో ఇతర సభ్యులకు తెలియజేయాలి. ఆ తరువాతే ఎవరైనా దుఃఖించవచ్చు. నెల్లూరులోని మా పాత కార్ల యజమానుల సంఘానికి కార్యదర్శిగా ఈ పద్ధతిని రూపొందించింది నేనే. మా అధ్యక్షులవారు గత నెల ఒక ఉదయం, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే, దీనిని పూర్తిగా ఉల్లంఘించి కన్నుమూశారు. వార్త ముందుగా కోశాధికారికి చేరింది. ఆయన తన బట్టల కొట్టు తెరవకుండా మెట్ల మీద కూర్చుని ఏడ్చి, ఆ తరువాత నాకు ఫోను చేశారు.

"అన్నా, పెద్దాయన పోయినాడన్నా."

"నీకెవురు చెప్పినారు?"

"అమ్మే ఫోను చేసింది."

అమ్మ అంటే అధ్యక్షులవారి భార్య. గోడ అవతలే ఉన్న నాకు కాక, చిన్నబజారులో ఉన్న ఆయనకు ఆమె ఎందుకు ఫోను చేశారన్న ప్రశ్నను ఆ సమయంలో లేవనెత్తడం ఉచితం కాదనిపించింది. కనుక ఇప్పుడు లేవనెత్తుతున్నాను.

అధ్యక్షులవారు మా పక్కింటివారు. చాలాకాలం విత్తనాల వ్యాపారం చేసి మానుకున్నారు. గోడకు అవతల ఆయన కారు, ఇవతల నా కారు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి, ఒకే గుండ్రటి ముందు భాగం, ఒకే రకం దగ్గు. ఆయనది లేత నీలం, నాది నలుపు. తేడా అంతే. అయినా ఆయన పాత లుంగీ ముక్కతో కారు తుడుస్తుంటే పాలవాడు సైకిలు ఆపేవాడు, ఇడ్లీలకు పోయేవాళ్ళు నిలబడేవాళ్ళు, ఒకసారి పెళ్ళి ఫొటో తీయించుకోవడానికి ఒక కొత్త జంట లోపలికి వచ్చింది. నేనూ తుడిచేవాడిని. మెత్తటి కొత్త గుడ్డతో తుడిచేవాడిని. నా దగ్గర ఆగినవారు ఆయన ఇల్లు ఎక్కడని అడిగేవారు.

నెలకొక ఆదివారం మా కార్లన్నీ వరుసగా మైపాడు సముద్రం దాకా పోయి రావడం సంఘం ఆచారం. దీనికి రెండు నియమాలు. వరుసలో ఎవరూ ఎవరినీ దాటకూడదు. ముందు కారు ఆగితే అన్నీ ఆగాలి. ముందు కారు ఎప్పుడూ ఆయనదే. ముందు ఉంటారు గనుక అధ్యక్షులు, అధ్యక్షులు గనుక ముందు ఉంటారు. ఈ ఏర్పాటు మీద నేను సమావేశాలలో తరచుగా అభ్యంతరం చెబుతూ వచ్చాను. ఆయన ఎక్కడపడితే అక్కడ ఆగేవారు. ముంజలు కనబడితే ఆగేవారు. రొయ్యల గుంటల దగ్గర గాలి బాగుందని ఆగేవారు. బాతుల మంద రోడ్డు దాటుతుంటే ఇంజను ఆపి, చివరి బాతు దిగిపోయేదాకా కూర్చునేవారు. వెనక మేమందరం ఇంజన్లు ఆపి కూర్చునేవాళ్ళం. బాతులు ఆయన కారును చూస్తూ పోయేవి. నా కారు దాకా వచ్చేసరికి తల తిప్పుకునేవి.

ఒక ఆదివారం బయలుదేరేముందు ఆయనే నా కిటికీ దగ్గరకు వచ్చారు.

"అబ్బయా, ఈరోజు ముందు నువ్వు పో."

"సమావేశంలో తీర్మానం కాకుండా ఎట్నా పోయేది?" అన్నాను. మొదటి స్థానం నాకు న్యాయంగా రావాలే గాని, దానంగా కాదు.

ఆయన నవ్వారు. "సరే, నీ ఇష్టం. ముందు పోయేవాడికి ఏముండాదబ్బయా, ఒట్టి రోడ్డే. ఎనకోడికి రోడ్డూ కనపడతాది, ముందోడూ కనపడతాడు."

మొదటి స్థానంలో ఉన్నవారు ఇలాంటి మాటలు సులభంగా చెప్పగలరని అప్పుడు అనుకున్నాను.

ఇక, ఆయన ఉండగా మేము చూసిన ఒక సినిమా విషయం. కార్లే మనుషుల్లా మాట్లాడే బొమ్మల సినిమా ఒకటి పిల్లలకు నచ్చడం చేత దానికి రెండో భాగం వచ్చింది. పాత కార్ల ప్రస్తావన ఉన్న సినిమాను పాత కార్ల సంఘం చూడకపోవడం బాధ్యతారాహిత్యమని తీర్మానించి, అందరం వరుసగా థియేటరుకు బయలుదేరాం. నా చెల్లెలి కూతురిని కూడా తీసుకుపోయాం. అది అధ్యక్షులవారి పక్కన కూర్చుంది. నా కారెక్కమంటే, "ఆ తాత కిటికీ తిప్పేది నాకిస్తాడు మామా," అంది. నా కారులోనూ కిటికీ తిప్పేదే ఉంది. రెండు పిడులూ ఒకే ఫ్యాక్టరీలో తయారైనవి.

పాపతో కబుర్లలో పడి అధ్యక్షులవారు థియేటరు గేటు దాటిపోయారు. గేటు మా అందరికీ స్పష్టంగా కనబడింది. కాని ముందు కారు తిరగకుండా వెనక కారు తిరిగితే అది ఆయనను దాటడం కిందికి వస్తుంది. అందుచేత వీధంతా చుట్టి మళ్ళీ వచ్చాం. ఆయన మళ్ళీ దాటిపోయారు. ఇంకోసారి చుట్టాం. గేటు కాపలా మనిషి నా కారు పక్కన నాలుగడుగులు నడిచి, "ఏందన్నా, సినిమాకొచ్చినారా, ఊరేగింపుకొచ్చినారా?" అని అడిగాడు. నేను నియమావళి వివరించేలోగా వరుస ముందుకు కదిలింది.

ఆ కారణంగా మేము లోపలికి అడుగుపెట్టేసరికి సినిమా చాలా నడిచిపోయింది. చీకట్లో తెర మీద నాకు మొట్టమొదట కనబడింది నా కారే. అదే నలుపు, అదే గుండ్రటి ముందు భాగం. పళ్ళు ఇకిలించి నవ్వుతూ ఒక చిన్న కారును లోయలోకి తోస్తోంది.

"మామా! నీ కారు!" అని నా మేనకోడలు అరిచింది. థియేటరంతా నవ్వింది.

ఆ తరువాత కథానాయకుడికి దారి చూపే ముసలి కారు వచ్చింది. లేత నీలం. దాని ప్రతి మాటకూ చప్పట్లు. బయటికి వచ్చేసరికి అధ్యక్షులవారి కారు చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. దాని బుగ్గలు నిమురుతున్నారు, పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నా కారు దగ్గరకు ఒక్క పిల్లవాడు వచ్చాడు. పందెం వేసుకుని వచ్చాడు కాబోలు, వేలితో ముట్టి పరిగెత్తాడు.

అధ్యక్షులవారు అది చూశారు. "రాండి రాండి, దాన్ని గూడా ముట్టుకోండి. సినిమాలో వేషం అట్నా ఏసింది గానీ, ఇంటికాడ శానా మంచిదిరా అది," అన్నారు.

కొందరు పిల్లలు వచ్చారు. అది కూడా ఆయన సిఫారసు మీద వచ్చిన మర్యాదే.

మరుసటి వారం ఆ సినిమా మీద సంఘం అత్యవసరంగా సమావేశమైంది. "తోలేవోడే లేకుండా కార్లు తిరగతాంటే ఇంక మనమెందుకన్నా?" అని కోశాధికారి బాధపడ్డారు. కారు కళ్ళను లైట్లలో కాక ముందు అద్దంలో పెట్టడం శాస్త్రవిరుద్ధమని నేను ఖండన తీర్మానం ప్రవేశపెట్టాను. నల్ల కారును దుర్మార్గంగా చూపించడం గురించి అందులో ఎక్కడా ప్రస్తావించలేదు. ఆ సంగతి అందరికీ అర్థమైంది.

అధ్యక్షులవారు టీ చల్లార్చుకుంటూ అన్నారు: "వాళ్ళు పెట్టింది సరైన చోటేలేబ్బా. అద్దం ఎనకాల కూర్చున్నోడివేగదా కారు కళ్ళు. మనిషిని తీసేసినారు, కళ్ళు మాత్రం ఆడనే మిగిలిపోయినాయి."

తీర్మానం వీగిపోయింది. నేను కూడా వ్యతిరేకంగా చెయ్యెత్తానని తరువాత కోశాధికారి చెప్పారు.

అధ్యక్షులవారి అస్థికలను మైపాడులో కలపాలని, నీలం కారులోనే తీసుకుపోవాలని అమ్మ కోరారు. ఆయన రోజూ పాల కోసమైనా ఒకసారి దానిని తిప్పేవారు. కొన్ని రోజులు కదపకపోయేసరికి అది మొండికేసింది. సంఘంలోని అనుభవమంతా దాని మీద వంగి చూసింది. అది కదలలేదు.

"నీ కారుకు కట్టి లాగబ్బా," అన్నారు అమ్మ. "ఇన్నాళ్ళూ ఆయన ఎనకాలే వచ్చినావు. ఆయన నీ ఎనకాల ఒక్కసారన్నా రావద్దా?"

తాడు కట్టాం. నీలం కారులో కోశాధికారి స్టీరింగు పట్టుకున్నారు. పక్కన అమ్మ, ఆమె ఒడిలో ఎర్ర గుడ్డ కట్టిన చెంబు. ఆ విధంగా మొదటి స్థానం నాకు వచ్చింది. తీర్మానం లేకుండానే వచ్చింది. ఎంతోకాలంగా కోరుకున్న ఆ స్థానం నుంచి చూస్తే ముందు ఒట్టి రోడ్డు ఉంది. దారిలో మనుషులు లేచి నిలబడ్డారు, పిల్లలు చేతులు ఊపారు. నేనూ చెయ్యి ఊపబోయాను. వాళ్ళ చూపులు నన్ను దాటి వెనక్కి పోయాయి. తాడు చివర, ఇంజను కూడా పనిచేయని కారుకు ఆ ఆదరణ దక్కింది. అసూయ మనిషి పోయాక ఆగుతుందని ఎవరైనా అంటే, నా విషయంలో అది నిజం కాదని నమోదు చేసుకోవలసిందిగా మనవి.

అప్పుడు వెనక అద్దంలోకి చూశాను. నీలం కారు ముందు అద్దం మీద ఎండ పడి మనుషులెవరూ కనబడలేదు. చెట్టు నీడ దాటిన క్షణంలో మాత్రం అద్దం వెనక రెండు కళ్ళు కనబడ్డాయి. అమ్మ కళ్ళు. నన్నే చూస్తున్నాయి. ఇన్నేళ్ళూ నేను ఆయన వెనక ఉన్నానే గాని, వెనక ఉన్న నన్ను ఆయన తన చిన్న అద్దంలో ఇలాగే చూస్తూ వచ్చారన్నది అప్పటిదాకా తోచలేదు. బాతులు వచ్చాయి. ఇంజను ఆపాను. ఎవరూ చెప్పలేదు.

ఒడ్డున అన్నీ ముగిశాక అమ్మ తడి చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ, "ఇంక ముందు నువ్వే పోవాల," అన్నారు. సభ్యులందరూ తల ఊపారు. కోశాధికారి కూడా ఊపారు. మొదటి స్థానం చివరకు న్యాయంగానే నాకు సంక్రమించింది.

మొన్నటి ఆదివారం బయలుదేరాం. ఊళ్ళో సిగ్నలు దగ్గర గీతకు చాలా వెనకే ఆపాను. వెనక నుంచి ఆటో అతను తల బయటపెట్టి, "ముందు అంత సందుండాదిగదన్నా, పోవేంది?" అని కేక వేశాడు.

"ఆడ కారుండాది," అన్నాను.

అతను ఖాళీ చోటును చూశాడు, నన్ను చూశాడు, ఆటో పక్కకు తిప్పుకున్నాడు.

కనుక కార్యదర్శి హోదాలో ఈ కింది నియమాన్ని ప్రకటిస్తున్నాను. వరుసలో మొదటి స్థానం నీలం కారుదే. అది రాకపోయినా వచ్చినట్టే. అందరికన్నా ముందు నడిచే కారును రెండవ కారుగా పరిగణించాలి. దాని ముందు ఒక కారు పట్టేంత చోటు విడిచిపెట్టాలి. ఆ చోటును ఎవరూ దాటకూడదు. ఆ చోటు ముంజల దగ్గర ఆగినా, బాతుల కోసం ఆగినా, వెనక ఉన్నవారందరూ ఇంజన్లు ఆపి, అది కదిలేదాకా కూర్చోవాలి. ఇదే తుది నిర్ణయం.